నీళ్లు తీశాక వచ్చినవాళ్లకు మా వీధి కృతజ్ఞతలు

పాయకాపురంలో మా వీధివాళ్లందరి తరఫున రాస్తున్నాను. నాది జిరాక్సు, బైండింగు దుకాణం. ముందు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం. మొన్న 2025 ఆగస్టులో బెజవాడంతా తడిసి ముద్దయిన రోజున, మళ్లీ నీళ్లు ఇళ్లలోకి వస్తాయని అందరం బియ్యం బస్తాలు అటకల మీదికి ఎక్కించి గుమ్మాల్లో కూర్చున్నాం. వాన వెలిసిన కాసేపటికే నీరు కాలువలోకి దిగిపోయింది. ఆ సాయంత్రం అరుగుల మీద చేరి మాట్లాడుకుంటుంటే, సాయం చేసినవాళ్లకు నోరు తెరిచి కృతజ్ఞత చెప్పింది ఎప్పుడు అన్న మాట వచ్చింది. చేతిలో కాగితాలు, కంప్యూటరు ఉన్నదాన్ని నేనే కాబట్టి పని నా మీద పడింది. నవరాత్రులు మొదలయ్యేలోపు రాయాలని షరతు.

వరద కథ మళ్లీ చెప్పబోవడం లేదు. 2024 సెప్టెంబరు 1న ఏం జరిగిందో తెలియనివాళ్లు లేరు. మైలవరం కొండల్లో కురిసిన వాన బుడమేరు వాగులోకి దిగింది. ఆ నీటిని వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలో కలుపుతారు కదా, ఆ కృష్ణే పోటు మీద ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. 1957లో బ్యారేజీ కట్టిన తర్వాత అంత నీరు ఎన్నడూ రాలేదు. మళ్లింపు కాలువకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, మేము, అందరం మునిగాం. పడవల్లో పాలప్యాకెట్లు తెచ్చిన మత్స్యకారులకు, నడుంలోతు నీళ్లలో ముసలివాళ్లను మోసిన పిల్లలకు అప్పుడే చేతులెత్తి మొక్కాం. వాళ్ల ఫోటోలు పేపర్లలో కూడా వచ్చాయి. నేను రాస్తున్నది ఆ తర్వాత వచ్చినవాళ్ల గురించి. కెమెరాలు వెళ్లిపోయి, బురద మిగిలినప్పటి సంగతి.

ఆ యేడు వినాయక చవితి సెప్టెంబరు 7న వచ్చింది. సైన్యం సాయంతో మూడో గండి పూడ్చిందీ ఆ వేళకే. మా వీధి పిల్లలు మేడ మెట్ల మీద పేరుకున్న ఒండ్రుతో వినాయకుణ్ణి చేశారు. పత్రి దొరకలేదు, గరిక మునిగిపోయింది, మట్టికి మాత్రం ఏ లోటూ లేదు.

నీళ్లు తీశాక తలుపు తెరిస్తే లోపల చీలమండ దాకా బురద. మామూలు బురద కాదది. డీజిలు, మురుగు, కుళ్లిన బియ్యం కలిసి గచ్చుకు అంటుకుపోయింది. చీపురుతో నెడితే జరిగి మళ్లీ వెనక్కి వచ్చేది. రాష్ట్రం నలుమూలల నుంచి ఫైరింజన్లు రప్పించి ఇళ్లు కడిగించారు. మా వీధికి వచ్చిన బండివాళ్లు రాయలసీమ వైపు నుంచి వచ్చారని మాటతీరును బట్టి తెలిసింది. పేర్లు అడిగేంత తెరిపి వాళ్లకూ లేదు, మాకూ లేదు.

నిప్పు ఆర్పే గొట్టంతో ఇల్లు కడగడం అంత తేలిక కాదని ఆ రోజు చూశాను. పూర్తి ధాటితో కొడితే నానిన గోడల సున్నం పెచ్చులుగా ఊడిపోతుంది. అందుకని గొట్టం పట్టుకున్న అబ్బాయి నీటిని గోడకు ఏటవాలుగా తగిలిస్తూ పైనుంచి కిందికి దింపాడు. వెనక గదిలో మొదలుపెట్టి వీధి గుమ్మం వైపు నెట్టుకుంటూ వచ్చాడు. వంటగదిలోకి వచ్చేసరికి గొట్టం కట్టేసి, "దేవుడి పటాలు ఏ మూలన ఉన్నాయమ్మా?" అని అడిగాడు. మేకు నుంచి ఒక్కొక్కటే తీసి, తన తువ్వాలుతో అద్దం తుడిచి, మెట్ల మీద వరసగా నిలబెట్టాడు. ఆ తర్వాతే నీళ్లు వదిలాడు. రోజుకు ఎన్ని ఇళ్లు కడిగాడో, ఎంతమందిని ఆ మాట అడిగాడో! బాబూ, నువ్వు ఏ ఊరివాడివైనా సరే, మా పటాలు ఇప్పటికీ నువ్వు తుడిచిన ఆ అద్దాలతోనే ఉన్నాయి.

ఇతర పట్టణాల నుంచి వచ్చిన పారిశుద్ధ్య కార్మికులకు ఏమని చెప్పాలి? నీళ్లు తాగిన దూది పరుపును నలుగురు మగవాళ్లు పడితే తప్ప లేవదు. వీధి పొడవునా అలాంటి పరుపులే. వాటి కింద ఏముందో ఎవరికీ తెలియదు, పాములు కూడా బయటపడ్డాయి. మన ఇంటి చెత్తను మనమే ముక్కు మూసుకుని చూస్తుంటే, వాళ్లు చేతులతో ఎత్తారు. ఒకావిడ మా బియ్యం డబ్బా మూత తీసి, నా మొహం చూసి, "మీరు బయటికి వెళ్లండక్కా, నేను చూసుకుంటాను" అంది. ఆ డబ్బా ఎక్కడ బోర్లించిందో కూడా నేను చూడలేదు.

ఇప్పుడు లైన్‌మన్ గారి గురించి. ఈయనకు కృతజ్ఞతలు చెప్పాలని వీధి సభలో నేనే పట్టుబట్టాను, ఎందుకంటే అందరిలో ఎక్కువ తిట్లు తిన్నది ఆయనే. పక్క వీధిలో దీపాలు వెలిగినా మాకు కరెంటు ఇవ్వలేదు. చంటిపిల్లలు ఉన్నారన్నాం, దోమలన్నాం, పెద్దవాళ్లకు చెబుతామన్నాం. ఆయన ఒకటే మాట: "మీటరు విప్పి చూడకుండా ఇవ్వను." ఇంటింటికీ తిరిగి మీటరు పెట్టెలు విప్పాడు. మా పెట్టెలో చిటికెడు ఒండ్రు, దాని వెనక తడి. స్విచ్చుబోర్డులు విప్పించి, తీగలు ఆరేదాకా ఆగమని, తడి గోడ మీద చెయ్యి వేయవద్దని చిన్నపిల్లలకు చెప్పినట్లు చెప్పాడు. ఎవరినీ కరెంటు కాటేయకుండా మా వీధి బయటపడిందంటే అది ఆయన మొండితనం చలవే. సారూ, ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాం.

ఇక నా దుకాణం సంగతి. వీధివాళ్లు రాయమన్నదానికంటే ఇది నేను ఎక్కువ రాస్తాను, కోప్పడకండి.

ఇళ్లు కడిగాక జనం నా దగ్గరికి కాగితాలతో రావడం మొదలుపెట్టారు. బైండింగు చేసేదాన్ని కాబట్టి కాగితం గురించి నాకు తెలుసని వాళ్ల నమ్మకం. ఇంటి పట్టాలు, రిజిస్ట్రేషన్ దస్తావేజులు, పదో తరగతి మార్కుల జాబితాలు, బీమా బాండ్లు, పెళ్లి ఆల్బములు, అన్నీ ముద్దలై, బంకసాగుతూ, ప్లాస్టిక్ కవర్లలో. పొడి కాగితంతో పని నేర్చినదాన్ని నేను. తడి కాగితం ఎలా ముట్టుకోవాలో నాకు తెలియదు. అప్పుడు వచ్చారు, ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాలకు జీవితమంతా బైండింగు చేసిన పెద్దాయన. మా మామగారికి పని నేర్పింది ఆయనే. ఎవరూ పిలవలేదు. సంచిలో అచ్చు పడని తెల్ల న్యూస్‌ప్రింటు కట్ట, సన్నగా చెక్కిన వెదురు బద్ద తెచ్చుకుని, సింగ్‌నగర్ వంతెన దిగి నడుచుకుంటూ వచ్చారు.

ఆయన మొదటి మాట, "అమ్మాయ్, ఎండలో వేసినవన్నీ లోపలికి తీసుకురా." ఎండకు పైకాగితం ముందుగా ఆరి ముడుచుకుంటుంది, లోపలివి ఇంకా గట్టిగా అతుక్కుంటాయి. నీడ కావాలి, గాలి కావాలి. కట్టను బల్ల మీద పరిచి, మూల దగ్గర బద్దను చొప్పించి, వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ ఒక పుట లేపడం, దాని కింద తెల్ల కాగితం పెట్టడం, అది తడి పీల్చుకోగానే మార్చడం. తొందరపడితే అక్షరం రెండో పుటతో వెళ్లిపోతుంది. పాత న్యూస్‌పేపరు ఎందుకు వద్దో కూడా చెప్పారు, దాని అచ్చు మన కాగితానికి దిగుతుంది. ఫోటోలకు వేరే వైద్యం. అవి ఆరకముందే చల్లటి మంచినీళ్లలో నానబెట్టి వాటంతట అవే విడేలా చూడాలి, బొమ్మ మీద వేలు పెట్టకూడదు. చాలా ఆల్బములకు అప్పటికే వేళ మించిపోయింది.

ఆ బల్ల దగ్గర ఒక విచిత్రం చూశాను. జెల్ పెన్నుతో రాసినవి, ఇంకు ప్రింటరులో తీసినవి నీలి మరకలైపోయాయి. జిరాక్సు కాపీలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ నలుపు పొడి ప్లాస్టిక్ లాంటిది, వేడికి కరిగి కాగితంలో దిగి ఉంటుంది, నీటికి లొంగదు. అసలు కాగితం పోయి నకలు మిగిలిన ఇళ్లు మా వీధిలోనే ఎన్నో. రెండు రూపాయల కాపీకి బేరమాడిన మనుషులే ఆ కాపీని కళ్లకు అద్దుకుని తీసుకెళ్లారు. లామినేషన్ చేయించుకున్నవాళ్లకూ అంచులు సరిగా అతకని చోట నీళ్లు దూరి లోపల బూజు పట్టింది. ఇప్పుడు ఎవరికి చేసినా అంచు వెడల్పుగా వదులుతున్నాను.

పెద్దాయన రోజూ వచ్చి సాయంత్రం దాకా కూర్చున్నారు. టీ తప్ప ఏదీ ముట్టలేదు. డబ్బు మాట ఎత్తితే బద్ద కింద పెట్టి లేచారు, మేం మళ్లీ ఆ మాట ఎత్తలేదు. గురువుగారూ, మీకు నమస్కారం. ఈ వీధిలో చాలామంది పిల్లల చదువు, చాలామంది ఇంటి హక్కు మీ వేళ్ల మీదుగా వెళ్లింది.

నా కటింగు మిషను మోటారు సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. స్విచ్చు వేయబోతుంటే ఆటోనగర్ నుంచి వచ్చిన మెకానిక్ తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. విప్పి తీసుకెళ్లి, వైండింగు ఆరబెట్టి, వార్నిష్ పట్టించి, బేరింగులు మార్చి తెచ్చాడు. బేరింగుల ఖరీదు మాత్రమే తీసుకున్నాడు. కింది అంతస్తువాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన 25,000 రూపాయలు మాకు ఇంటి సామానుకే సరిపోయాయి. ఆ మోటారు కొత్తది కొనవలసి వస్తే దుకాణం మూతపడేది.

ఇక ఈ ఏడాది జరిగిన మంచి. ఏటా వానలకు ముందు కాలువలో పూడిక తీయడం, తీసిన పూడికను గట్టునే పోయడం, మొదటి వానకు అదంతా మళ్లీ కాలువలోకే జారడం మామూలే. ఈసారి మా వార్డు పారిశుద్ధ్య సిబ్బంది తీసిన పూడికను ఆ సాయంత్రానికే ట్రాక్టరు ఎక్కించారు. ఆగస్టు వాన మా గుమ్మం తొక్కకుండా పోయిందంటే కారణం అదే అని నా నమ్మకం. మూతలు లేని మ్యాన్‌హోళ్లకు పలకలు వేయించడం కోసం మా వీధి ఆడవాళ్లు ఫోటోలు అంటించిన అర్జీతో వార్డు సచివాలయం చుట్టూ తిరిగారు. అక్కడి ఉద్యోగిని ఒకమ్మాయి విసుక్కోకుండా ప్రతిసారీ కూర్చోబెట్టి, పని ఎంతవరకు వచ్చిందో కాగితం చూపించి చెప్పింది. వీధి దీపాలు కూడా వెలుగుతున్నాయి.

పలకలు పడేదాకా కాపలా కాసింది మాత్రం ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మాస్టారు. నీళ్లు నిలిచినప్పుడు రోడ్డేదో గొయ్యేదో తెలియదు. ఆయన ప్రతి గొయ్యి దగ్గరా వెదురు కర్ర పాతి, వాళ్లావిడ పాత ఎర్ర చీర చింపి జెండాలు కట్టారు. చీర సంగతి ఇంట్లో ఆలస్యంగా తెలిసిందట, అది వేరే కథ. పిండిమర పక్క సందులో ఇంకా ఒక గొయ్యి మూత లేకుండానే ఉంది. అక్కడి కర్ర తీయకండి, రాత్రిపూట ఆ వైపు బండ్లు నెమ్మదిగా నడపండి.

2025 సెప్టెంబరు 22 నుంచి ఇంద్రకీలాద్రి మీద ఉత్సవాలు. ఈసారి 11 రోజులు. మూలా నక్షత్రం 29న వచ్చింది, ఆ రోజు ఊళ్లో బండ్లు ఎటు మళ్లిస్తారో ముందే చూసుకుని బయలుదేరండి. నిరుడు దసరా వరద వెళ్లిన నెలకే వచ్చింది. మా ఎదురింటివాళ్ల కొలువులో కొండపల్లి బొమ్మలు పొణికి కర్ర ఉబ్బి, రంగులు పోయి, అయినా మెట్ల మీద నిలబడ్డాయి. ఈ ఏడు కొత్త బొమ్మలు వచ్చాయి, పేరంటానికి అందరూ రండి. విజయదశమి ఉదయం మా వార్డు పారిశుద్ధ్య కార్మికులకు వీధి తరఫున బట్టలు పెడుతున్నాం. లైన్‌మన్ గారు కుటుంబంతో భోజనానికి రావాలి. ఆయుధపూజ నాడు నా మిషను ముందు కొబ్బరికాయ కొట్టవలసింది ఆటోనగర్ తమ్ముడే. గురువుగారిని తీసుకురావడానికి మా ఆయన బండి వేసుకుని వస్తారు.

చివరగా ఒక మనవి. అప్పట్లో విడదీసి ఆరబెట్టిన కాగితాల్లో కొన్ని ఇప్పటికీ నా బీరువాలోనే ఉన్నాయి. వాటిని ఇచ్చినవాళ్లలో కొందరు అద్దె ఇళ్లు మారి వెళ్లిపోయారు. మూడు మార్కుల జాబితాలు, ఒక స్థలం దస్తావేజు, ఒక డ్రైవింగ్ లైసెన్సు, ఎవరిదో తెలియని పెళ్లి ఫోటో ఒకటి. ఫోటోలో పెళ్లికూతురి మొహం బాగానే ఉంది, పెళ్లికొడుకు భుజాల దాకే మిగిలాడు. మీవైతే ఆనవాలు చెప్పి తీసుకెళ్లండి, డబ్బు ఏమీ ఇవ్వనక్కరలేదు. అతుక్కుపోయిన కాగితాలు ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే బలవంతంగా లాగకుండా అలాగే తీసుకురండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా దుకాణంలో రద్దీ ఉండదు.