సిస్టరు గారికి, ఇంకా చాలామందికి

నాన్నను ఈ రోజు పొద్దున ఇంటికి తీసుకొచ్చాం. ఆరు రోజులుగా నాకు సరిగ్గా నిద్ర లేదు. అయినా ఇది రాయకుండా పడుకోలేను.

పోయిన శుక్రవారం సాయంత్రం, సార్వా కోసిన చేలో పనలు ఎత్తుతుండగా నాన్న ఎడమ చేతిని రక్తపింజర కాటేసింది. మాది గోదావరి వైనతేయ పాయలోని లంక. రేవు దాటేసరికే మణికట్టు దాకా వాచింది. 108 వాహనం అప్పటికే ఒక కాన్పు కేసు మీద వెళ్లిందన్నారు. ఆటోలో మొదట చేరిన ప్రైవేటు ఆసుపత్రిలో ముందు డబ్బు కట్టమన్నారు, తర్వాత మందు లేదన్నారు. అక్కడే ముప్పావుగంట పోయింది.

ప్రభుత్వ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టరు గారు నాన్నను చూడగానే ముందు చేతికి ఉన్న ఉంగరం పట్టుకున్నారు. వాపు పెరిగితే వేలికి రక్తం ఆడదట. సబ్బు నురగ రాసి, "తాతగారూ, కొంచెం ఓర్చుకోండి" అంటూ మెల్లగా తిప్పి తీశారు. తీసిన ఉంగరాన్ని కడిగి, తుడిచి, అమ్మ కొంగు చివర ముడివేశారు. నలభై రెండేళ్ల క్రితం పెళ్లిలో పెట్టిన ఉంగరం అది. అంతసేపూ రాయిలా నిలబడిన నేను ఆ ముడి చూసి వెక్కివెక్కి ఏడ్చాను.

తర్వాత గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచారు. వంచి చూస్తే నీళ్లలా జారింది, గడ్డ కట్టలేదు. విషం రక్తంలోకి ఎక్కిందని డ్యూటీ డాక్టరు గారు వెంటనే పది సీసాల విరుగుడు మందు సెలైనులో కలిపి ఎక్కించమన్నారు. కాసేపటికి ఒళ్లంతా దద్దుర్లు లేచి నాన్న వణికిపోయారు. నేను కేక వేసేలోపే ఆమె డ్రిప్పు ఆపేశారు. డాక్టరు గారిని పిలిచి, ఆయన చెప్పిన సూది తొడకు వేశారు. ఆమె ఆ మంచం పక్క నుంచి కదలలేదు. ఆరు గంటల తర్వాత మళ్లీ గొట్టంలో రక్తం పెట్టినప్పుడు అది గడ్డ కట్టింది. తెల్లవారి డ్యూటీ అయిపోయినా వెళ్లకుండా ఆమే ఆ గొట్టం తెచ్చి నాకు చూపించారు.

ఆ రాత్రి మాటల్లో తెలిసింది, ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం, మధ్యలో రెండేళ్లు తప్ప అంతా ఇక్కడేనట. 1996 నవంబరు తుఫాను రాత్రి ఈ వార్డులోనే లాంతరు వెలుగులో కాన్పు చేయించారట. 2022 జులై వరదలో పడవల మీద వచ్చిన గర్భిణులను రేవు నుంచి తెచ్చుకున్నారట. ఇవన్నీ నేను తరచి అడిగితేనే చెప్పారు.

ముప్పై పడకలున్న ఆసుపత్రికి ఆ రాత్రి ఆమె ఒక్కరే నర్సు. కాన్పుల గది కూడా ఆమెదే. నాన్న దగ్గర కూర్చున్నంతసేపూ ఆమె చెవులు అటువైపే ఉన్నాయి. జనవరిలో పదవీ విరమణ. ఆ స్థానంలోకి ఇంకా ఎవరినీ వేయలేదు. ఇది ఎవరిని అడగాలో తెలియదు గానీ అడగకుండా ఉండలేను. ఇంత పని ఒక మనిషి మీద ఎలా వదిలేస్తారు?

అన్నయ్య, వదిన హైదరాబాదు నుంచి రాత్రికి రాత్రే వచ్చారు, మా వారు పిల్లల్ని చూసుకున్నారు.

చీకట్లో మా కోసం పడవ మళ్లీ తిప్పిన సరంగు గారికి, డబ్బులు తీసుకోని ఆటో అబ్బాయికి దండాలు. అయ్యో, ఆరు రోజులూ మా గేదె పాలు పితికిన పక్కింటి పిన్నిగారినీ మరిచిపోయాను. ప్రయోగశాలలో గాజు గొట్టం వెతికి ఇచ్చిన కుర్రాడికీ. పక్క మంచం ఆవిడ అమ్మకు కప్పుకోమని ఇచ్చిన దుప్పటి ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఉతికి ఆదివారం తెచ్చి ఇస్తాను.