మూత బరువెక్కితే ఐసు నిలవదు

సంపాదకులకు,

సుంకేసుల చేప, శ్రీశైలం వెనక జలాల చేప బండి మీద పెట్టుకుని కర్నూలు వీధుల్లో అమ్మేవాళ్లు ఎండాకాలంలో ‘మధ్యాహ్నానికే ఐసు కరిగిపోతోంది’ అంటుంటారు. చాలాసార్లు తప్పు ఐసుది కాదు, పెట్టె మూతది. మూతకు సన్నటి బీట పడినా, బందు స్క్రూ వదులైనా నీళ్లు లోపలి పఫ్‌లోకి, అంటే వేడిని ఆపే గట్టి నురుగు పొరలోకి, దిగుతాయి. పఫ్ కన్నా నీరు ఇరవై రెట్లకు పైగా వేడిని దాటిస్తుంది. పైగా నెత్తిన ఎండ పడేది మూత మీదే.

అనుమానముంటే మూత విప్పి తూకం వేయండి. అదే సైజు కొత్త మూత కన్నా కిలో ఎక్కువ తూగిందంటే తడిసినట్టే. బీట మీద ఎం-సీల్ పూసి ఊరుకుంటారు గానీ పాలిథీన్ మూతకు అది అంటదు, నాలుగు రోజులకే పెచ్చులా లేస్తుంది. అంటుకున్నా చేటే, లోపలి నీళ్లకు దారి ఉండదు. బెజ్జాలు వేసి ఎండబెట్టినా పెద్దగా లాభం లేదు. బెజ్జం పక్కనున్న నీరు కారుతుంది, పఫ్ గూళ్లలో చిక్కింది మే ఎండకూ ఓ పట్టాన ఆరదు.

తడిసిన పఫ్ తీసేయాల్సిందే. మూత అడుగున చుట్టూ అంగుళం అంచు వదిలి అడుగు ప్లాస్టిక్ రేకును కోసి, ఉలితో గీకి, లోపల పొడిగుడ్డతో తుడిచి ఒక రోజు ఆరనివ్వాలి. కోసిన రేకు పారేయకండి. కలిపితే పొంగి పఫ్‌గా గట్టిపడే రెండు రకాల ద్రవాలను సమానంగా తూచి కలపాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 4 మందం ఉన్న మూతకు రెండూ కలిపి 400 గ్రాముల పైచిలుకు పడుతుంది. ఎండ ముదిరితే గిన్నెలోనే పొంగిపోతుంది కాబట్టి పొద్దున్నే, గాలి ఆడే చోట, చేతికి గ్లౌజులు వేసుకుని చేయాలి. రెండు విడతలుగా పోసి, కోసి ఉంచిన రేకులో రెండు చిన్న బెజ్జాలు పెట్టి మూసి, పైన ప్లైవుడ్, బరువు ఉంచాలి. బెజ్జాలు మరిస్తే మూత బొర్రలా ఉబ్బి, తర్వాత సరిగా కూర్చోదు.

పఫ్ గట్టిపడ్డాక బెజ్జాలు, కోత, పాత బీట అన్నీ పాలిథీన్ కడ్డీతో వేడిగాలి వెల్డింగు చేయించాలి. ఫైబర్ మూతయితే ఎపాక్సీ రెజిన్, గ్లాస్ మ్యాట్ (గాజునారు పొర) వాడాలి. లోపల థర్మాకోల్ ఉన్నచోట మామూలు పాలిస్టర్ రెజిన్ పోస్తే థర్మాకోల్ కరిగిపోతుంది. బందు స్క్రూలను సీలెంట్‌లో ముంచి బిగించాలి. చివరగా కాగితం ముక్క పెట్టి మూత వేసి లాగండి. ఏ పక్కన సులువుగా వచ్చేస్తే ఆ పక్క మూత అంచున ఉండే రబ్బరు పట్టీ (బీడింగు) చచ్చినట్టు.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఐసు పెట్టెతో బండ్లు ఇస్తున్నారు. పెట్టెతో పాటు ఒక జత బందులు, ఒక చుట్ట బీడింగు కూడా ఇవ్వాలని మత్స్యశాఖను కోరుతున్నాం.

— ఐసు పెట్టెలు బాగుచేసేవాళ్లు, కర్నూలు