కడుపు మంటకు బిళ్ళ వేసుకునే ముందు

కావలి

అబ్బయ్యా,

నిన్న ఫోనులో కడుపులో మంటగా ఉందన్నావు. తలనొప్పికి పరగడుపునే నొప్పి బిళ్ళ వేసుకున్నావు, ఆ మంట తగ్గడానికి మళ్లీ గ్యాస్ బిళ్ళ వేసుకున్నావు. చెన్నైలో మెస్సు తిండిని, రాత్రి షిఫ్టుని నేనిక్కడ కూర్చుని మార్చలేను. కానీ తిన్న ముద్ద ఏమవుతుందో తెలిస్తే ఏ బిళ్ళ ఎప్పుడు వేసుకోవాలో నీకే అర్థమవుతుంది. తీరిగ్గా చదువు.

ఉత్త అన్నం ముద్ద ఒకటి నోట్లో పెట్టుకుని నిమిషం పాటు మింగకుండా నములు. తియ్యగా తగులుతుంది. ఉమ్మిలో ఉన్న అమైలేజ్ అనే ఎంజైము అన్నంలోని పిండిని అక్కడే విరగ్గొట్టి చక్కెర చేస్తుంది. రోజుకు లీటరు, లీటరున్నర ఉమ్మి ఊరుతుంది. ఫోను చూసుకుంటూ నాలుగు నములు నమిలి మింగేస్తే ఆ పనంతా కింది వాటి మీద పడుతుంది. పైగా ముద్దతో పాటు గాలి మింగుతావు. నువ్వు గ్యాస్ అంటున్న తేన్పులు చాలావరకు ఆ గాలే.

గొంతు కింద ఆహారనాళం 25 సెంటీమీటర్లు ఉంటుంది. దాని అడుగున కండరం ఒకటి సంచి మూతికి తాడు బిగించినట్టు బిగుసుకుని ఉంటుంది. నిండా తిని వెంటనే పడుకుంటే ఆ మూతి లోంచి పులుపు పైకి తంతుంది. అదే గుండెల్లో మంట. తిండికీ పడకకీ మధ్య కనీసం 2, 3 గంటలు ఉండాలి. షిఫ్టు దిగి తెల్లవారుజామున తినేవాడివి కాబట్టి నీకిది మరీ ముఖ్యం.

పొట్టలో ఊరేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. నిమ్మరసమంత పులుపు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. మాంసాన్ని అరిగించే ఆ పులుపు పొట్ట గోడను ఎందుకు తినెయ్యదంటే, గోడ మీద జిగురు పొర ఉంటుంది. ఆ పొరను నిలబెట్టేవి ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు నొప్పి తగ్గించేది ఈ ప్రోస్టాగ్లాండిన్లు తయారవకుండా ఆపే. అంటే నొప్పితో పాటు పొట్టకున్న కాపలా కూడా పోతుంది. తిన్నాక వేసుకుంటే మంట తగ్గొచ్చు గానీ ప్రమాదం పూర్తిగా పోదు. బిళ్ళ రక్తంలో కలిసి మళ్లీ పొట్ట గోడకే వస్తుంది కదా.

అల్సర్ అనగానే మన నెల్లూరు కారం దోసె మీద నింద వేస్తారు. అది సరికాదు. కారం ఉన్న పుండును మండిస్తుంది, పుండును పుట్టించదు. పుట్టించేవి ముఖ్యంగా రెండు: ఈ నొప్పి బిళ్ళలు, హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. ఆ బాక్టీరియా సంగతి బయటపెట్టిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. ఆ బాక్టీరియా ఉందో లేదో పరీక్షలో తేలుతుంది, ఉంటే యాంటీబయాటిక్ కోర్సుతో పోతుంది. గ్యాస్ బిళ్ళతో పోదు.

ఆ గ్యాస్ బిళ్ళ, అదే పాంటోప్రజోల్, తిన్నాక వేసుకుంటే సగం వృథా. అది ఆపేది పొట్టలో యాసిడ్ వదిలే పంపులను, అవి తిండి తగిలినప్పుడే పనిలోకి దిగుతాయి. అందుకని మొదటి భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. డాక్టరు చెప్పినన్ని రోజులే. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే మంట ఇంకా ఎక్కువగా తిరగబడొచ్చు.

పొట్ట దాటాక చిన్నపేగు, సుమారు 6 మీటర్లు. అసలు అరుగుదల ఇక్కడే. చేపల పులుసు చట్టి ఎప్పుడైనా కడిగావా? ఎన్ని నీళ్లు పోసినా నూనె జిడ్డు అంచులకు అట్టే పట్టుకునుంటుంది. సబ్బు తగిలిందంటే చిన్న చిన్న బొట్లుగా విడిపోతుంది. పేగులో ఆ సబ్బు పని చేసేది పైత్యరసం. లివర్ దాన్ని తయారుచేసి పిత్తాశయం అనే చిన్న సంచిలో దాస్తుంది. నూనె పేగులోకి దిగగానే పిత్తాశయం ముడుచుకుని దాన్ని వదులుతుంది. విడిపోయిన కొవ్వును క్లోమం పంపిన ఎంజైములు అరిగిస్తాయి. పిత్తాశయంలో రాయి ఉన్నవాళ్లకు నూనె తిండి తిన్నాక కుడి డొక్క పైన పట్టేసేది అందుకే. పెద్దపేగు మిగిలిన నీళ్లు పీల్చుకుంటుంది. నీళ్లు తక్కువ తాగి, పీచు తినకపోతే మలబద్ధకం. అంతే.

ఇక లివర్. కుడి పక్క పక్కటెముకల కింద, కిలోన్నర దాకా బరువు. పేగులు పీల్చుకున్న అన్నం చక్కెర, పప్పు ప్రోటీను, మింగిన బిళ్ళ, అన్నీ పోర్టల్ సిర గుండా ముందు లివర్‌కే చేరతాయి. అది చూసి వదిలాకే ఒంటికి. కొవ్వు మాత్రం చాలావరకు వేరే దారిన పోతుంది. చక్కెరను సుమారు 100 గ్రాముల దాకా గ్లైకోజన్‌గా దాచుకుంటుంది. ఆ కొట్టు నిండాక వచ్చింది కొవ్వుగా మారుతుంది. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. షిఫ్టులో అది రోజూ తాగితే మద్యం ముట్టకపోయినా లివర్‌కు కొవ్వు పట్టొచ్చు. లివర్ లోపల నొప్పి తెలిపే నరాలు లేవు, పైపొర సాగితే తప్ప నొప్పి తెలియదు. అందుకే బాగా చెడిందాకా పైకి కనపడదు.

పారాసిటమాల్ పొట్టకు మంచిదే, లివర్ దగ్గర లెక్క తప్పకూడదు. దాన్ని విరగ్గొట్టేటప్పుడు కొంచెం విషం పుడుతుంది, గ్లుటాథయోన్ అనే పదార్థం దాన్ని చంపుతుంది. మోతాదు మించితే గ్లుటాథయోన్ అయిపోయి ఆ విషం లివర్ కణాలనే చంపుతుంది. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు మించకూడదు, అంటే 650 మిల్లీగ్రాముల బిళ్ళలు ఆరు. అదీ హద్దే గానీ మోతాదు కాదు. మద్యం తాగేవాళ్లకు ఇంకా తక్కువ. జలుబు బిళ్ళల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, అట్ట మీద చదివి కలిపి లెక్కపెట్టు. పొరపాటున ఎక్కువైతే బాగానే ఉన్నాను కదా అని ఆగొద్దు. మొదటి రోజు ఏమీ తెలియదు. విరుగుడు మందు 8 గంటల్లోపు పడితేనే బాగా పనిచేస్తుంది.

కళ్ళు పచ్చబడినా, ఒంటేలు ముదురు రంగులో వచ్చినా, దొడ్డికి సున్నం రంగులో అయినా కామెర్లు కావొచ్చు. పసరు మందుకని ఎవరు పిలిచినా పోవద్దు, ముందు రక్తపరీక్ష చేయించు. హెపటైటిస్ ఎ, ఇ కలుషితమైన నీళ్లతో వస్తాయి, మెస్సులో కాచిన నీళ్లే తాగు. దొడ్డికి తారులాగా నల్లగా, జిగటగా అయితే లోపల రక్తం కారుతున్నట్టు, అదే రోజు ఆసుపత్రికి పో. గుండెల్లో మంటతో పాటు చెమటలు పట్టి ఎడమ చెయ్యి లాగితే గ్యాస్ అనుకోవద్దు, ఆ నిమిషమే పో.

హెపటైటిస్ బి టీకా మూడు డోసులు: మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. నీ కార్డులో రెండే కనపడుతున్నాయి. ఈసారి ఇంటికొచ్చినప్పుడు ఆ మూడోది కావలిలోనే వేయిద్దాం.

మీ అమ్మ