పక్కవాద్యకారుల పేర్లు ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

పాటలు వినే యాప్‌లలో వాద్యకారుల పేర్లు కనిపించకుండా పోతున్నాయి. డబ్బు కట్టి వినేవాళ్లం కూడా దీన్ని అడగడం లేదు కాబట్టి ఈ ఉత్తరం.

జాజ్ వినేవాళ్లకు 'బ్యాగ్స్ గ్రూవ్' అనే బాణీ బాగా తెలుసు. 1954 డిసెంబర్ 24న న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో, రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డయింది. నేను వాడే యాప్‌లో దాని కింద ట్రంపెట్ ఊదిన మైల్స్ డేవిస్ పేరొక్కటే ఉంది. ఆ బాణీ కట్టిందీ, అందులో వైబ్రఫోన్ (కర్రలతో కొట్టి వాయించే లోహపు పలకల వాద్యం) వాయించిందీ మిల్ట్ జాక్సన్. 'బ్యాగ్స్' అన్నది ఆయన ముద్దుపేరే! పియానో థెలోనియస్ మంక్, బాస్ పెర్సీ హీత్, డ్రమ్స్ కెన్నీ క్లార్క్. వీళ్లెవరి పేర్లూ యాప్‌లో లేవు.

పేర్లు తెలియకపోతే కొంపేం మునిగింది అంటారేమో. ఆ రోజు రికార్డు చేసిన మొదటి టేక్ (ఒకసారి వాయించినది) పదకొండు నిమిషాలుంటుంది, ఓపిగ్గా వినండి. డేవిస్ సోలో ఊదుతున్నంతసేపూ పియానో పలకదు. తన వెనక వాయించొద్దని మంక్‌తో ఆయనే చెప్పాడు. జాక్సన్ అందుకోగానే మంక్ మళ్లీ దిగుతాడు, ఉన్నట్టుండి గది నిండినట్టవుతుంది. ఎవరు ఎవరో తెలిస్తేనే ఈ తమాషా పట్టుబడుతుంది. జాక్సన్ పనితనం ఇంకోటుంది. వైబ్రఫోన్ పలకల కింది గొట్టాల్లో మోటారుతో తిరిగే బిళ్లలుంటాయి, నాదం ఊగేది వాటివల్లే. అంతకుముందు వైబ్రఫోన్ వాయించిన లయొనెల్ హాంప్టన్ ఆ మోటారును జోరుగా తిప్పేవాడు. జాక్సన్ వేగం బాగా తగ్గించాడు. అందుకే ఆయన స్వరం పాడే గొంతులా నిదానంగా సాగుతుంది.

1923లో డెట్రాయిట్‌లో పుట్టిన జాక్సన్ 1946లో ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ రికార్డుల్లో, 1948లో మంక్ రికార్డుల్లో వాయించాడు. తర్వాత మోడర్న్ జాజ్ క్వార్టెట్ అనే నలుగురి బృందంలో ఏళ్లకేళ్లు. 1999లో పోయాడు. ఆయన పేరు కొట్టి వెతికితే ఇతరుల పేరు మీద వచ్చిన ఈ రికార్డులు నా యాప్‌లో రావు.

ఆకాశవాణిలో కర్ణాటక కచేరీ వస్తే గాత్రంతో పాటు వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని తప్పకుండా చెబుతారు. సినిమా పాటకు మాత్రం గాయకులు, రచయిత, సంగీత దర్శకుడు, అక్కడితో సరి. ఎల్పీ అట్ట మీద చోటు చాలలేదంటే నమ్మొచ్చు, ఫోన్ తెరకు ఆ సాకు కూడా లేదు.

ఆడియో కంపెనీలు పాటతో పాటే వాద్యకారుల జాబితా ఇవ్వాలి. యాప్‌లు ఆ పేర్లతో వెతికే వీలు కల్పించాలి. అయ్యా, మీ సినిమా పేజీకి కూడా ఒక విన్నపం: కొత్త పాట విడుదలైన వార్త వేసేటప్పుడు వేణువు ఎవరిదో, గిటార్ ఎవరిదో కనుక్కుని ఒక్క లైను వేయండి.

— ఒక పాఠకుడు, విజయవాడ