మంత్రిగారూ, మా పిల్లల్ని హాకీ ఆడనివ్వండి, కొట్టుకోనివ్వకండి

గౌరవనీయులైన క్రీడా మంత్రి గారికి,

నమస్కారం. మేమిచ్చిన అర్జీలు ఏ ఫైల్లో ఉన్నాయో, అసలు ఫైలంటూ ఉందో లేదో తెలీదు కాబట్టి ఇలా అందరూ చదివేలా రాస్తున్నాను. స్కేటింగ్ రింకులు, సర్టిఫికెట్లు, స్పోర్ట్స్ కోటా సంగతులు మీకు తెలిసినవే, మళ్ళీ మొదట్నుంచి చెప్పి విసిగించను. చెప్పాల్సింది ఒక్కటే. మన విశాఖలో ఇన్‌లైన్ హాకీ (ఐస్ హాకీలాంటిదే, ఐసు బదులు నేల మీద చక్రాల స్కేట్లతో ఆడతారు) మ్యాచుల్లో పిల్లలు కొట్టుకుంటున్నారు. కొట్టుకోవడం కూడా కాదు, వాళ్ళచేత కొట్టిస్తున్నారు. ఆపుతామన్నారు, ఆపలేదు.

మీ కింద పనిచేసే అధికారి ఒకాయన్ని మొన్న మళ్ళీ కలిశాం. "అమ్మా, ఐస్ హాకీలో ఇవన్నీ మామూలే, కోట్లు తీసుకునేవాళ్ళే కొట్టుకుంటుంటే మన పిల్లలు రెండు దెబ్బలు వేసుకుంటే ఏమైంది" అని ఫోన్ తీసి వీడియో చూపించారు. 2025 ఫిబ్రవరి 15న మాంట్రియల్‌లో అమెరికా, కెనడా మ్యాచ్, మొదటి తొమ్మిది సెకన్లలోనే మూడు ఫైట్లు. మా పిల్లలకి అది కంఠతా వచ్చు సార్. అయిదు రోజుల తర్వాత అవే రెండు జట్లు బోస్టన్‌లో అదే టోర్నమెంటు ఫైనల్ ఆడాయి, దాని వీడియో ఆయన దగ్గర ఉన్నట్టు లేదు. ఒక్క ఫైటూ లేదు. ఓవర్‌టైమ్‌లో కెనడా ఆటగాడు మెక్‌డేవిడ్ గోల్ కొట్టాడు, కెనడా 3-2తో గెలిచింది. కప్పు చేతికందే దూరంలో ఉన్నప్పుడు తప్పు చేసినవాళ్ళని కూర్చోబెట్టే పెనాల్టీ బాక్సులో కూర్చునే సరదా ఎవరికీ ఉండదు.

ఇక ఆ "మామూలే" సంగతి. ఎన్‌హెచ్ఎల్‌లో, అంటే అమెరికా, కెనడాల పెద్ద ఐస్ హాకీ లీగ్‌లో, కొట్టుకుంటే అయిదు నిమిషాలు బయట కూర్చోవాలి. గొడవ మొదలెట్టింది వీడేనని తేలితే ఇంకో రెండు నిమిషాలు, పైన మిస్‌కండక్ట్ అని ఇంకో పది నిమిషాల శిక్ష. కొట్టుకోవడానికని తన హెల్మెట్ తనే తీసేస్తే దానికీ రెండు నిమిషాలని 2013లో రూలు పెట్టారు. ఒలింపిక్స్‌లో, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అయితే ఇక ఆ మ్యాచ్ ఆడనివ్వరు. 2025లో మన దేశం అమ్మాయిలు ఐస్ హాకీ ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది అలాంటి రూల్స్ కిందే. కెనడాలోనే క్యూబెక్ జూనియర్ లీగ్ వాళ్ళు కొట్టుకున్నవాణ్ణి మ్యాచ్‌లోంచి పంపించేయడం 2023లో మొదలుపెట్టారు. మరి మన దగ్గరో? రెండు నిమిషాలు, అదీ రెఫరీకి ధైర్యముంటే. ఆ రెఫరీ పోయినేడాది దాకా ఆడిన కాలేజీ కుర్రాడే, విజిల్ వేస్తే గ్యాలరీలోంచి తిట్లు. ఆ తిట్లలో మా పేరెంట్స్ కూడా ఏం తక్కువ తినలేదు.

కోచ్‌లు ఇంకో మాట చెప్తారు. బాగా ఆడేవాణ్ణి కాపాడాలంటే జట్టులో ఒక గట్టివాడు ఉండాలట, కెనడాలోని ఎడ్మంటన్ జట్టులో పెద్ద స్టార్ గ్రెట్‌స్కీకి కాపలాగా డేవ్ సెమెంకో ఉండేవాడు కదా అంటారు. ఉండేవాడు, నిజమే. కానీ ఆటగాణ్ణి కాపాడటం రెఫరీ పని అయినప్పుడు దాన్ని పదహారేళ్ళ పిల్లాడి నెత్తిన ఎందుకు పెట్టాలి?

ఆ పదహారేళ్ళ పిల్లాడు మా అబ్బాయి జట్టులోనే ఉన్నాడు. పేరు రాయను. హార్బర్ వైపు నుంచి వస్తాడు, వాళ్ళ నాన్న బోటు మీద పని చేస్తాడు. ఒడ్డూ పొడుగూ ఉంటాడు. వెనక్కి స్కేటింగ్ చేస్తూ ఎదుటివాడి స్టిక్ కిందనుంచి పక్ (బంతి బదులు వాడే బిళ్ళ) లాగేసుకోవడం జట్టు మొత్తంలో వాడికే బాగా వచ్చేది. ఇప్పుడు వాణ్ణి దించేది ఒక్క పనికే. ఎదుటి జట్టులో బాగా ఆడేవాడెవడో కోచ్ వేలు పెట్టి చూపిస్తాడు, వీడు వెళ్ళి గ్లవ్స్ కింద పడేసి కొట్లాటకి దిగుతాడు. బౌన్సర్ ఉద్యోగం అన్నమాట, జీతం లేకుండా.

కిందటి టోర్నమెంటు సెమీఫైనల్లో అదే జరిగింది. ఇద్దరూ గ్లవ్స్ విసిరేశారు, హెల్మెట్ పట్టీలు వాళ్ళే ఊడదీసుకున్నారు. ఒకడి జెర్సీ ఒకడు పట్టుకుని తిరిగారు, మా జట్టువాడు, ఆ హార్బర్ కుర్రాడే, వెనక్కి పడ్డాడు. మాది సిమెంటు రింకు. ఆ తల తగిలిన చప్పుడు పై మెట్టు మీద కూర్చున్న నాకు వినిపించింది. స్ట్రెచర్ లేదు, డాక్టర్ లేడు. ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో దూది, సగం అయిపోయిన అయోడిన్ సీసా, డేటు దాటిపోయిన నొప్పి స్ప్రే ఉన్నాయి. సోడా బండి దగ్గర్నుంచి ఐసు ముక్క తెచ్చి టవల్లో చుట్టి పెట్టారు. లేచి కూర్చుని "స్కోరెంత ఆంటీ" అని నన్నడిగాడు. చెప్పాను. మళ్ళీ అదే అడిగాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అడిగాడు. అలాంటివాణ్ణి రెండో హాఫ్‌లో కోచ్ తిరిగి దించాడు సార్!

బహుమతులప్పుడు ముఖ్య అతిథిగారు "ఆ ఫైటింగ్ చేసిన కుర్రాడేడీ" అని పిలిచి, జేబులోంచి రెండు అయిదొందల నోట్లు తీసి వాడి చేతిలో పెట్టారు. జనం ఈలలు. మూడు గోల్స్ కొట్టిన పిల్లాడికి ప్లాస్టిక్ మెమెంటో ఇచ్చి పంపించారు.

2008 డిసెంబరులో కెనడాలో డాన్ శాండర్సన్ అనే 21 ఏళ్ళ కుర్రాడు ఇలాగే మ్యాచ్‌లో కొట్టుకుంటుంటే హెల్మెట్ ఊడిపోయింది, తల వెళ్ళి ఐసుకి కొట్టుకుంది. కోమాలోకి వెళ్ళి 2009 జనవరిలో చనిపోయాడు. డెరెక్ బూగార్డ్ అని ఎన్‌హెచ్ఎల్‌లో కొట్టుకోవడమే పనిగా పెట్టుకున్న ఆటగాడు 2011లో 28 ఏళ్ళకే పోయాడు, మందుబిళ్ళలూ మద్యమూ కలిసి. తర్వాత అతని మెదడు పరీక్షిస్తే సీటీఈ ఉందని తేలింది, తలకి పదే పదే దెబ్బలు తిన్నవాళ్ళకి వచ్చే జబ్బది. పెద్ద డాక్టర్లు, పెద్ద జీతాలు ఉన్నచోటే ఇలా ఉంటే వెయ్యి రూపాయలూ ఐసు ముక్కా ఉన్నచోట ఏమవుతుందో మీరే ఆలోచించండి.

ఆ మ్యాచ్ తర్వాత పేరెంట్స్ అందరం సంతకాలు పెట్టి ఇచ్చాం. కమిటీ వేస్తామన్నారు. వేశారా అంటే వేసే పనిలో ఉన్నామన్నారు. సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తే మీ శాఖకి పంపామన్నారు, మీ శాఖలో అడిగితే టోర్నమెంటు పెట్టినవాళ్ళని అడగమన్నారు, వాళ్ళేమో రూల్స్ పైనుంచి రావాలన్నారు. పైన అంటే ఎవరో వాళ్ళూ చెప్పలేదు, మీరేనేమో అనుకుని ఈ లేఖ. మధ్యలో ఒకసారి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, "మీ అర్జీ పరిష్కరించబడింది" అని. చాలా సంతోషించాం. ఆ సాయంత్రమే ప్రాక్టీసులో ఇద్దరు కొట్టుకుంటే ఒకడి పెదవికి కుట్లు పడ్డాయి.

విశాఖకి ఐస్ రింకు కూడా వస్తుందని స్టేజీల మీద వింటున్నాం. తెండి, ఎవరు వద్దన్నారు? ఉప్పుగాలికి స్కేట్ల బేరింగులు తుప్పు పట్టిపోయే ఊళ్ళో, మే నెల ఉక్కపోతలో ఐసు నిలబెట్టే కరెంటు బిల్లు ఎవరు కడతారో తర్వాత చూసుకోవచ్చు. కానీ ఇదే కోచ్‌లతో, ఇదే రూల్స్‌తో ఐసు మీదికి వెళ్తే మాకు ఒరిగేదేంటి? ఇప్పుడడిగేవాటికి ఐసూ అక్కర్లేదు, కోట్లూ అక్కర్లేదు. కొట్టుకుంటే ఆ మ్యాచ్‌లోంచి బయటికి, తర్వాతి మ్యాచ్ కూడా ఆడకూడదు, పంపించి కొట్టించిన కోచ్‌కీ అదే శిక్ష అని ఒక కాగితం. తలకి దెబ్బ తగిలినవాణ్ణి డాక్టర్ చూసేదాకా మళ్ళీ దించకూడదని అందులోనే ఇంకో ముక్క. రెఫరీలకి ట్రైనింగ్ ఇప్పించండి, విజిల్ వేసినందుకు మర్నాడు ఎవరూ ఫోన్ చేసి బెదిరించకుండా చూడండి. ఆ హార్బర్ కుర్రాణ్ణి మళ్ళీ డిఫెన్స్ ఆడనివ్వండి, అదైతే రూలు పెట్టి చేయించేది కాదనుకోండి, అయినా అడుగుతున్నా.

వచ్చే టోర్నమెంటు బ్యానర్లు అప్పుడే కట్టేశారు. ముఖ్య అతిథి మీరేనట, ఫొటోలో నవ్వుతూ ఉన్నారు. తప్పకుండా రండి. మొదటి మ్యాచ్ విజిల్‌కి ముందే ఆ కాగితం రెఫరీ చేతిలో ఉండేలా చూడండి. మీరొస్తున్నారంటే ఎలాగూ గేటు దగ్గర అంబులెన్సు పెడతారు కదా, మీరు వెళ్ళిపోయాక కూడా మ్యాచులయ్యేదాకా దాన్ని అక్కడే ఉంచమని చెప్పి వెళ్ళండి.

ఇట్లు,
ఇన్‌లైన్ హాకీ ఆడే ఒక కుర్రాడి తల్లి,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం