ఎర్ర గుంపు కనిపిస్తే బరిసె ఆపండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా చెరువులో బరిసెతో, గులేరుతో (ఉండేలుతో) చేపలు కొట్టడం ఈ రెండు మూడేళ్లలో బాగా పెరిగింది. దాన్ని మొత్తానికే బంద్ చేయించమని అడగడానికి రాయడం లేదు. చిన్నప్పుడు నేనూ కొట్టినవాణ్నే. పాత గొడుగు చువ్వలు నాలుగు సానబెట్టి, వెదురు కర్రకు తీగతో బిగించి, రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని తూము దగ్గర మోకాలి లోతు నీళ్లలో నిలబడేవాళ్లం. చేప కనిపించిన చోట ఉండదు, ఇంకాస్త కిందికి ఉంటుంది. ఆ సంగతి చేతికి తెలిసేదాకా ప్రతి పోటూ బురదలోకే. అందులో ఉన్న సరదా నాకు తెలుసు. నా అభ్యంతరమల్లా ఒక్క చేప గురించి, అదీ ఏడాదిలో మూడు నాలుగు నెలలు. ఆ చేప కొర్రమట్ట. పుస్తకాల్లో కొరమీను అంటారు.

మృగశిర దాటి నాలుగు వానలు పడి అంచుల్లోకి కొత్తనీరు ఎక్కగానే కొర్రమట్టల జంట తుంగ మధ్య కాస్త జాగా శుభ్రం చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీళ్లమీద తేలుతుంటాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. కొన్నాళ్లకు అవి ఎర్రబడి గుంపుగా కదులుతుంటే దోసెడు కుంకుమ నీళ్లలో పోసినట్టుంటుంది. గాలి కోసం అన్నీ కలిసి పైకొచ్చినప్పుడు అంతమేరా సన్న చినుకులు పడుతున్నట్టు నీరు చిటపటమంటుంది. ఆ గుంపు కింద జానెడు దూరంలో తల్లో తండ్రో కాపలా ఉంటుంది.

మామూలు రోజుల్లో కొర్రమట్ట అంత తేలిగ్గా చిక్కదు. నీడ పడితే చాలు, మాయమవుతుంది. పిల్లలున్నప్పుడు మాత్రం పారిపోదు. ఆ ఎర్ర గుంపు మీద గాలానికి కట్టిన కప్పను ఆడిస్తే మీదికి దూకుతుంది. ఆకలితో కాదు, తరమడానికి. పైగా గాలి పీల్చే చేప, ఎలాగూ కాసేపటికోసారి పైకి రావాల్సిందే. కొట్టేవాడికి అంతకంటే సులువైన గురి ఇంకేముంటుంది?

పోయిన వానాకాలం మత్తడి (అలుగు) పక్కన చూశాను. ఇద్దరు కుర్రాళ్లు బైకు మీద వచ్చారు. దారం చుట్టిన రీలు బిగించిన గులేరు, దానికో ఇనుప బాణం. ఒకడు ఫోన్ పట్టుకుంటే ఇంకొకడు ఎర్ర గుంపు పక్కనే నిలబడ్డాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. కిలోన్నర ఉంటుందేమో, బాణం దిగిన చేపను ఎత్తి పట్టుకుని ఫోటోలు దిగి వెళ్లిపోయారు. పాపం, వాళ్లకు దాని వెనక కథ తెలియదనే అనుకుంటున్నాను. మర్నాడు పొద్దున వెళ్తే గుంపు మూడు ముక్కలై ఉంది. నాలుగు కొంగలు వరసగా నిలబడి తీరిగ్గా ఏరుకుంటున్నాయి. తుంగలోంచి ఒక నీరుకట్టె పాము జారింది. మూడో రోజుకు ఎరుపన్నదే లేదు. ఒక్క చేపను పట్టుకెళ్లామని వాళ్లు అనుకొని ఉంటారు.

వలకు కళ్లు లేవు, ఏం పడుతుందో లాగేదాకా తెలియదు. బరిసె అలా కాదు. చూసి, ఇదే కావాలనుకుని కొడతాం. అన్ని పద్ధతుల్లోకీ ఎంచుకునే వీలున్నది ఇదొక్కటే. తెలియక జరిగిందని ఒక్కసారి అనొచ్చు, తెలిశాక కూడా కొడితే ఏమనాలి?

ఈ చేపను 2016లో మన తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు. మృగశిర నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందు కోసం జనం క్యూ కట్టేదీ దీని పిల్లల కోసమే. బొచ్చె, రవ్వ నిలవ నీటిలో గుడ్లు పెట్టవు కాబట్టి ఏటా పిల్లలు తెచ్చి వదలాలి. కొర్రమట్టకు ఆ ఖర్చు లేదు. దాని దారిన దాన్ని వదిలేస్తే మన చెరువులోనే పెరుగుతుంది, బొచ్చె కంటే ఎన్నో రెట్ల ధర పలుకుతుంది. చెరువును నమ్ముకుని బతికే ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలకు పోయేది ఆ డబ్బే.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆపేస్తారు. మా చెరువులో అలాంటి విరామం ఎవరూ పాటించగా నేను చూడలేదు. 61 రోజులు అన్ని వేటలూ ఆపమనడం లేదు. మృగశిర నుంచి దసరా దాకా ఎర్ర గుంపు దగ్గర బరిసె, గులేరు, కప్ప గాలం వాడకూడదని మత్స్య సహకార సంఘం ఒక తీర్మానం చేస్తే చాలు. జిల్లా మత్స్యశాఖ అధికారి దాన్ని మిగతా చెరువుల సంఘాలకు కూడా పంపితే ఇంకా మంచిది.

చేతులు ఊరుకోకపోతే జిలేబీ చేపలు (తిలాపియా) ఉన్నాయి కదా, ఏడాది పొడవునా కొట్టుకోండి. 1952లో ఈ ఆఫ్రికా జాతి చేపను మన దేశానికి తెచ్చారు, ఏడేళ్లకే పెంచొద్దన్నారు. అప్పటికే ఆలస్యమైంది. అదీ పిల్లల్ని కాపాడుకునేదే, కాకపోతే నోట్లో దాచుకుంటుంది. ఏడాదిలో ఎన్నోసార్లు గుడ్లు పెడుతుంది. దాన్ని ఎంత కొట్టినా తరగదు. వేపుడుకు కూడా బాగుంటుంది, ముళ్లు తక్కువ.

వచ్చే మృగశిరలోగా మా సంఘం మీటింగులో ఈ మాట పెట్టిస్తాను. తీర్మానమైతే మత్తడి గోడ మీద రెండు లైన్లు రాయించడానికి పెయింటు డబ్బా నాది.

ఇట్లు
ఒక పాఠకుడు, జనగామ జిల్లా