రంగు వేసే ముందు ఒకసారి గీకి చూడండి

సంపాదకుల వారికి,

వేసవి సెలవుల కోసం ఈతకొలనులకు రంగులు వేయించే రోజులు ఇవే కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను, ఏప్రిల్ దాటాక రాసినా లాభం లేదు. మా కాలనీ క్లబ్బులో ముప్పై ఏళ్ల కిందట కట్టిన సిమెంటు కొలను ఒకటి ఉంది. మూడేళ్లలో దానికి రెండుసార్లు నీలం రంగు వేయించాం, రెండుసార్లూ ఏడాది తిరక్కుండానే పెచ్చులు లేచిపోయింది. ఫిల్టర్ నిండా నీలం పొట్టు, పిల్లలకు మోకాళ్లూ పాదాలూ గీసుకుపోవడం, సాయంత్రానికి తల్లుల ఫోన్లు. కాంట్రాక్టరుతో గట్టిగానే గొడవ పడ్డాం గానీ, నిజానికి సగం తప్పు మాదే. కొటేషన్లు పిలిచినప్పుడు "పాత రంగు గీకి రెండు పూతలు వేయాలి" అని ఒక ముక్క రాసి, ఎవరు తక్కువకు చెబితే వాళ్లకు ఇచ్చేశాం. ఆ పాత రంగేమిటో, దాని కింద ఏముందో కమిటీలో ఒక్కరం కూడా అడగలేదు.

ఈసారి ఒక పెద్ద మేస్త్రీని పిలిచాం. ఆయన రంగు ఊసే ఎత్తకుండా ఖాళీ కొలనులోకి దిగి, సుత్తి కాడతో గోడంతా తట్టుకుంటూ పోయారు. ప్లాస్టరింగ్ గట్టిగా పట్టుకున్న చోట ఒక చప్పుడు, లోపల వదిలేసిన చోట ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు డొల్ల చప్పుడు. డొల్లగా మోగిన చోటల్లా సుద్దముక్కతో గుండ్రాలు చుట్టారు. చివరికి చూస్తే లోతు వైపు గోడ మీద ఎటు చూసినా గుండ్రాలే. మేం డబ్బు పోసి రంగు వేయించింది ఊడిపోతున్న గోడ మీద!

తర్వాత రంగు సంగతి. ఈ పరీక్షకు పెద్ద ఖర్చేమీ లేదు. జైలీన్‌లో, అంటే రంగులు కరిగించే ఒక ద్రావకంలో, తడిపిన గుడ్డతో రుద్దితే రంగు కరిగి జిగురుగా అంటుకుంటే అది క్లోరినేటెడ్ రబ్బరు రకం. చెక్క పాలిష్ వాళ్లు వాడే స్పిరిట్‌కే కరిగిపోతే అక్రిలిక్. రెండింటికీ కదలకపోతే ఎపాక్సీ, అంటే రెండు భాగాలు కలిపి వేసే గట్టి రంగు అనుకోవచ్చు. మా కొలనులో పెచ్చు పైపొర చెక్కుచెదరలేదు, కింది పొరలు మాత్రం గుడ్డకు అంటుకుపోయాయి. అంటే పాత రబ్బరు రంగు మీద రెండుసార్లూ ఎపాక్సీ వేయించామన్నమాట. ఎపాక్సీలో ఉండే ద్రావకం కింది పొరను మెత్తబరుస్తుంది, పైది మాత్రం గట్టిగా బిగుసుకుంటుంది, ఇంక నిలిచేదేముంది. అసలు రంగే లేని కొలనైతే బాత్రూమ్ యాసిడ్ ఒక చుక్క వేస్తే తెలిసిపోతుంది, సిమెంటు ప్లాస్టరింగ్ అయితే బుసబుస పొంగుతుంది. చేతికి తొడుగు వేసుకోండి, పలచన చేయాల్సి వస్తే నీళ్లలో యాసిడ్ పోయాలే తప్ప యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు.

రెండు చోట్ల తుప్పు చారలు కూడా ఉన్నాయి. కిందటిసారి వాటి మీద పుట్టీ రాసి మూసేశారు, మేమూ బాగుందనుకున్నాం. లోపలి ఇనుప ఊచ తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటును బయటికి నెడుతుంటే పుట్టీ ఏం ఆపుతుంది? ఊచ వెనక్కి కూడా చెక్కి, తుప్పంతా రుద్ది తీసి, తుప్పు పట్టకుండా పూత వేసి, పాలిమర్ (అతుకు పెంచే రసాయనం) కలిపిన సిమెంటు మోర్టారుతో నింపాల్సిందే.

ఇంకో పిచ్చి పని కూడా చేశాం. మాది గోదావరికి దగ్గర, వానాకాలంలో కాస్త తవ్వితే నీళ్లు పడతాయి. అలాంటి చోట మొదటిసారి పని పెట్టుకున్నది ఆగస్టులో. నేలలో నీటిమట్టం పైకి ఉన్నప్పుడు కొలను ఖాళీ చేస్తే కింది నుంచి నీళ్లు నెడతాయి, అడుగు పగలొచ్చు, ఒక్కోసారి కొలను మొత్తం పడవలా పైకి లేవొచ్చు కూడా. మా అదృష్టం బాగుండి అడుగున ఒక సన్నని పగులుతో పోయింది.

మున్సిపాలిటీలు, కాలేజీలు, క్లబ్బులు చదరపు అడుగుకు ఇంత అని టెండరు పిలిచే ముందు ఈ తట్టి చూడటం, గీకి చూడటం వేరే పనిగా పెట్టి, దానికి వేరే కూలి ఇవ్వాలని నా మనవి. పని అయ్యాక ఏ రకం రంగు, ఏ సంవత్సరం వేశారో పంపు గది తలుపు వెనక ఆ రంగుతోనే రాసి పెట్టించండి. మా పాత కమిటీ ఆ ఒక్క పని చేసి ఉంటే మాకు రెండుసార్ల డబ్బు మిగిలేది.

ప్రస్తుతం పాత రంగంతా గ్రైండర్‌తో సిమెంటు కనబడేదాకా తీయించి, డొల్ల చోట్ల చెక్కేసి కొత్త ప్లాస్టరింగ్ చేయించాం. 28 రోజులు ఆగనిదే రంగు ముట్టుకోనన్నారు మేస్త్రీ. నిన్నటితో ఆ గడువు అయిపోయింది. రాత్రి గోడకు ఒక ప్లాస్టిక్ ముక్క నాలుగు వైపులా టేపుతో అంటించి, పొద్దున తీసి చూస్తే లోపలి వైపు చెమ్మ పట్టి ఉంది, అంటే గోడ ఇంకా ఆరలేదన్నమాట. ఇంకో వారం ఆగుదామన్నారు ఆయన. సరే అన్నాం, తల్లుల ఫోన్లు మాత్రం మళ్లీ మొదలయ్యాయి.

ఇట్లు,
ఓ పాఠకుడు,
రాజమహేంద్రవరం